అనంతపురంలో సౌర అధిశోషణ చిల్లర్ సామర్థ్యం పెంపు: ఒక ఆసుపత్రి మందుల గోదాము కేస్ స్టడీ

అనంతపురం పట్టణ శివార్లలోని ఒక ఆసుపత్రికి అనుబంధంగా నర్సింగ్ విద్యార్థినుల హాస్టల్ ఉంది. స్నానాల వేడినీళ్ల కోసం ఆ హాస్టల్ మిద్దె మీద చాలా ఏళ్ల కిందటే వాక్యూమ్ గొట్టాల సోలార్ హీటర్లు అమర్చారు; మొత్తం వైశాల్యం 50 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. డిసెంబరు, జనవరి నెలల్లో ఆ వేడినీళ్లు చాలక తగవులు వస్తాయి. మార్చి నుంచి జూన్ దాకా మాత్రం వాటిని అడిగేవారే ఉండరు, ఎందుకంటే ఆ నెలల్లో మామూలు ట్యాంకు నీళ్లే చెయ్యి పెట్టలేనంతగా కాగుతాయి. ట్యాంకులో ఉడికి ఆవిరి గొట్టం గుండా వృథాగా పోతున్న ఆ వేడికి ఏదైనా పని చెప్పాలన్న ఆలోచనతో యాజమాన్యం కింది అంతస్తులోని మందుల గోదాముకు, కంప్రెసర్ లేకుండా వేడితోనే నీటిని చల్లబరిచే 10 కిలోవాట్ల తరగతి సిలికా జెల్–నీటి అధిశోషణ చిల్లర్‌ను పెట్టించింది. ఆలోచన మంచిదే. వేడి ఉచితంగా దొరికే నెలలూ చల్లదనం కావలసిన నెలలూ ఒకటే కావడం మా శీతలీకరణ వృత్తిలో అరుదుగా కలిసివచ్చే సంగతి.

ఫలితం మాత్రం ఆలోచనకు తగ్గట్టు రాలేదు. 25 డిగ్రీలు మించిన చోట నిల్వ ఉంచరాదని చాలా మందుల పెట్టెల మీదే ముద్రించి ఉంటుంది. ఆ గోదాములో మే నెల మధ్యాహ్నాలు 30 డిగ్రీలు దాటుతుండడంతో పాత స్ప్లిట్ ఏసీలనే మళ్లీ నడుపుకోవలసి వచ్చింది. యంత్రం అమర్చినవారి సలహా ఒక్కటే: మరికొన్ని సోలార్ గొట్టాలు కలిపి వేడినీటిని 90 డిగ్రీలకు చేర్చాలి. ఆ ఖర్చు పెట్టే ముందు ఒకసారి పరిశీలించి చెప్పమని యాజమాన్యం మమ్మల్ని పిలిచింది. మేము చివరికి ఒక్క గొట్టం కూడా కలపలేదు. వేడినీటి ఉష్ణోగ్రతను పెంచకపోగా 80 నుంచి 75 డిగ్రీలకు తగ్గించాం. చేసిన ముఖ్యమైన మార్పులన్నీ యంత్రానికి రెండో వైపున, అంటే యంత్రం వేడిని మోసుకెళ్లి గాలిలోకి వదిలే కూలింగ్ టవర్ నీటి మీదా గోదాములోకి వెళ్లే చల్లనీటి మీదా జరిగాయి. ఎందుకలా చేయవలసి వచ్చిందో లెక్కలతో సహా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యంత్రం పనితీరు

మామూలు ఏసీలో కంప్రెసర్ చేసే పనిని అధిశోషణ చిల్లర్‌లో సిలికా జెల్ గింజలు చేస్తాయి. మాత్రల సీసాల్లో తేమ పీల్చడానికి వేసే చిన్న పొట్లాల్లో ఉండేది ఈ పదార్థమే. గాలి పూర్తిగా తీసేసిన ఒక పెట్టెలో (ఇవాపరేటర్) నీరు ఉంటుంది. పీడనం ఒక కిలోపాస్కల్ చుట్టుపక్కల ఉన్నప్పుడు ఆ నీరు 7 డిగ్రీలకే మరుగుతుంది. మరిగేటప్పుడు తనకు కావలసిన గుప్తోష్ణాన్ని గోదాము నుంచి తిరిగి వచ్చే నీటి నుంచి లాక్కుంటుంది కాబట్టి ఆ నీరు చల్లబడుతుంది. పుట్టిన ఆవిరిని పక్క గదిలోని జెల్ పీల్చుకుంటుంది. జెల్ నిండేసరికి ఆ గది కాయిల్‌లోకి సోలార్ వేడినీటిని పంపితే, పీల్చుకున్న ఆవిరి బయటికి వచ్చి కండెన్సర్‌లో మళ్లీ నీరవుతుంది. ఇటువంటి గదులు రెండు ఉంటాయి. ఒకటి పీల్చుకుంటుండగా రెండోది వదులుతుంటుంది, కొన్ని నిమిషాలకొకసారి వాల్వులు వాటి పాత్రలను మారుస్తాయి. పీల్చుకునే గదిలో పుట్టే వేడినీ కండెన్సర్‌లో పుట్టే వేడినీ కూలింగ్ టవర్ నీరు మోసుకుపోవాలి.

మొదటిసారి చూసిన స్థానిక ఏసీ మెకానిక్ “ఈ మిషన్‌కి గ్యాసు యాడ ఎక్కిస్తారు సార్?” అని అడిగాడు. ఎక్కించే గ్యాసూ లేదు, ఆయిలూ లేదు. అతను చేతిలో పట్టుకొచ్చిన గేజ్ సెట్టుకు ఇక్కడ పని లేదు కానీ, ఆ ప్రశ్నలో ఒక అసలు సమస్య ఉంది. ఇటువంటి యంత్రం పాడైతే కర్నూలు, కడప, అనంతపురం మూడు ఊళ్లలో వెతికినా చూసేవాడు దొరకడం కష్టం. అందువల్ల యంత్రం లోపలి శూన్యాన్ని కదిలించే మార్పు ఏదీ చేయకూడదని మేము ముందే నిర్ణయించుకున్నాం. రెండు గదుల మధ్య పీడనాన్ని క్షణకాలం సమం చేసి, వేడి గదిలో మిగిలిన ఆవిరిని చల్లటి గదికి మళ్లించే పద్ధతి ఒకటి ఉంది. దానివల్ల లాభం ఉన్నమాట నిజమే. అయితే అందుకు వాక్యూమ్ షెల్‌కు కొత్త వాల్వు వెల్డింగ్ చేయాలి కనుక దాని జోలికి పోలేదు.

ముందుగా లోపల గాలి చేరిందేమో చూశాం. రాత్రంతా ఆపి ఉంచిన యంత్రంలో తెల్లవారి ఇవాపరేటర్ నీటి ఉష్ణోగ్రత 27 డిగ్రీలు ఉంటే, ఆ ఉష్ణోగ్రత దగ్గర నీటి సంతృప్త ఆవిరి పీడనం (నీటి పైన ఆవిరి చేరగల గరిష్ఠ పీడనం) 3.57 కిలోపాస్కల్. గేజ్ దానికి మించి చూపిస్తే ఆ పైది గాలి అన్నమాట. కొద్దిపాటి గాలి కూడా ఇంత తక్కువ పీడనంలో ఆవిరి దారికి అడ్డం పడి యంత్రాన్ని చతికిలబెడుతుంది. ఇక్కడ రీడింగ్ లెక్కకు లోబడే ఉంది కాబట్టి లోపం యంత్రంలో లేదని తేలిపోయింది.

అసలు లెక్క

జెల్ ఎంత ఆవిరిని పీల్చుకుంటుందనేది దాని మీద ఉన్న ఆవిరి పీడనాన్ని, జెల్ ఉష్ణోగ్రత దగ్గరి సంతృప్త పీడనంతో భాగిస్తే వచ్చే సంఖ్య మీద ఆధారపడుతుంది. దీన్ని సాపేక్ష పీడనం అంటారు. పీల్చుకోవడం ముగిసేటప్పటి సాపేక్ష పీడనానికీ వదలడం ముగిసేటప్పటి సాపేక్ష పీడనానికీ మధ్య ఎంత ఎడం ఉంటే ప్రతి చక్రంలో అంత నీరు కదులుతుంది, అంత చల్లదనం పుడుతుంది. ఎడం సన్నగిల్లితే యంత్రం జెల్‌నూ రాగి గొట్టాలనూ వేడి చేయడం, మళ్లీ చల్లార్చడం అనే వట్టి చాకిరీతోనే పొద్దు పుచ్చుతుంది.

మేము వెళ్లినప్పుడు గోదాముకు పంపే నీటిని 9 డిగ్రీల దగ్గర సెట్ చేసి ఉంచారు. అందుకు ఇవాపరేటర్ 7 డిగ్రీల దగ్గర ఉండాలి. అక్కడి పీడనం 1.00 కిలోపాస్కల్. టవర్ నుంచి వచ్చే నీరు 33 డిగ్రీలు ఉండడం వల్ల పీల్చుకునే గది 36 డిగ్రీల కంటే చల్లబడటం లేదు. 36 డిగ్రీల దగ్గర సంతృప్త పీడనం 5.95. అంటే పీల్చుకునే చివర సాపేక్ష పీడనం 0.169. వదిలే వైపున కండెన్సర్ కూడా 36 డిగ్రీల దగ్గరే ఉంది, వేడినీరు 80 డిగ్రీలు, గది 77 దాకా వేడెక్కుతోంది. 77 డిగ్రీల సంతృప్త పీడనం 41.9 కాబట్టి 5.95ను 41.9తో భాగిస్తే 0.142. ఎడం 0.027 మాత్రమే. ఈ రకం జెల్‌కు సాధారణంగా వాడే సమతాస్థితి సూత్రంలో ఈ రెండు సంఖ్యలనూ పెడితే, కిలో జెల్ ఒక చక్రంలో కదిలించగల నీరు 12 గ్రాములకు మించదు.

యంత్రం అమర్చినవారు చెప్పినట్టు వేడినీటిని 90కి పెంచితే ఏమవుతుంది? గది 87 దాకా వెళుతుంది. అక్కడి సంతృప్త పీడనం 62.5. వదిలే చివర సాపేక్ష పీడనం 0.095కు దిగుతుంది, ఎడం 0.074 అవుతుంది. మెరుగే. కాకపోతే గొట్టాలు కొనాలి, పైపులకు ఇన్సులేషన్ పెంచాలి, ట్యాంకు అంత వేడికి చేరేదాకా పొద్దున చాలాసేపు ఎదురు చూడాలి.

ఇప్పుడు వేడినీటిని 80 దగ్గరే ఉంచి టవర్ నీటిని 26 డిగ్రీలకు దించితే చూడండి. గది, కండెన్సర్ రెండూ 29 డిగ్రీలకు వస్తాయి, అక్కడి సంతృప్త పీడనం 4.01. పీల్చుకునే వైపు 0.25, వదిలే వైపు 0.096, ఎడం 0.154. దశాంశాల మాట అలా ఉంచితే, వేడి పది డిగ్రీలు పెంచి సాధించేదానికి రెండింతలు ఏడు డిగ్రీల చల్లటి టవర్ నీటితో వస్తోంది. కారణం సులభంగానే కనిపిస్తుంది: టవర్ నీరు సూత్రంలో రెండు చోట్లా ఉంది. అది చల్లబడితే పీల్చుకునే గదీ కండెన్సరూ రెండూ చల్లబడి ఎడాన్ని రెండు కొసల నుంచీ పెంచుతాయి. వేడినీరు ఒక్క కొసనే లాగగలదు.

దీనికి తోడు గోదాముకు పంపే నీటిని 9కి బదులు 15 డిగ్రీలకు సెట్ చేశామనుకోండి. ఇవాపరేటర్ 13 డిగ్రీల దగ్గర 1.50 కిలోపాస్కల్‌లో పని చేస్తుంది. పీల్చుకునే చివర సాపేక్ష పీడనం 0.374కు పెరుగుతుంది. అంత ఎడం దొరికాక 80 డిగ్రీల వేడినీరు కూడా అక్కర్లేదు. 75 డిగ్రీలతో గది 72 దాకా వెళితే వదిలే చివర 0.118, ఎడం 0.256. కిలో జెల్‌కు 96 గ్రాములు. పాత స్థితికి దాదాపు ఎనిమిది రెట్లు, అదీ ఐదు డిగ్రీలు తక్కువ వేడితో.

సీఓపీ (ఇచ్చిన వేడికి ఎంత చల్లదనం వచ్చిందన్న నిష్పత్తి) సంగతీ ఇక్కడే తేలిపోతుంది. ఒక కిలో నీటిని జెల్ నుంచి విడిపించడానికి దాదాపు 2,800 కిలోజౌళ్లు కావాలి, అదే కిలో నీరు ఇవాపరేటర్‌లో ఇచ్చే చల్లదనం దాదాపు 2,400. దీనికి తోడు జెల్, అందులో మిగిలిన నీరు, రాగి, అల్యూమినియం రెక్కలు అన్నీ ప్రతి చక్రంలో నలభై డిగ్రీల పైన వేడెక్కి చల్లారాలి. ఈ ఖర్చు నీరు పన్నెండు గ్రాములు కదిలినా తొంభై ఆరు గ్రాములు కదిలినా ఇంచుమించు ఒకటే. అందుకే లెక్క ప్రకారం పాత స్థితిలో సీఓపీ 0.2 చుట్టూ, కొత్త స్థితిలో 0.6 చుట్టూ వస్తుంది. ఆచరణలో గింజలు సమతాస్థితికి పూర్తిగా చేరేలోపే చక్రం మారిపోతుంది కాబట్టి 0.5 వస్తే తృప్తి పడాలి. సిలికా జెల్ యంత్రాలకు సాధారణంగా చెప్పే 0.4–0.6 పరిధి ఇదే.

టవర్ నీరు 33 డిగ్రీలు ఎందుకుంది

అనంతపురంలో మే నెల మధ్యాహ్నం 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్నప్పుడు తడి బల్బు ఉష్ణోగ్రత (తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపేది, నీరు ఆవిరై చల్లబడగల హద్దు) 22–23 డిగ్రీలు మాత్రమే. సరైన టవర్ అయితే దానికి మూడు నాలుగు డిగ్రీల పైన, అంటే 26 డిగ్రీల నీటిని ఇవ్వగలదు. చెన్నై, విశాఖ వంటి తీర నగరాల్లో వేసవి తడి బల్బు దీనికంటే బాగా ఎక్కువగా ఉంటుంది కాబట్టి అక్కడ ఇటువంటి నీరు ఆశించలేం. మన పొడి గాలి ఈ యంత్రానికి పెద్ద ఆస్తి. ఆ ఆస్తిని మొత్తం టవర్ దగ్గరే పోగొట్టుకుంటున్నారు.

టవర్‌ను ప్రహరీగోడకూ జనరేటర్ షెడ్డుకూ నడుమ ఉన్న మూలలో పెట్టారు. దాని గాలి తీసుకునే జాలీ దగ్గర తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు పెడితే 27 డిగ్రీలు చూపించింది. అదే థర్మామీటరును మిద్దె మీద ఆరుబయట పెడితే 22.5. టవర్ తాను పైకి వదిలిన తేమ గాలినే గోడకు తగిలి కిందికి వచ్చాక మళ్లీ పీల్చుకుంటోంది. ఇక లోపల నీరు పలచగా జారే ఒక ఫిల్ పలకను ఊడదీసి చేతితో వంచితే గుడ్డు పెంకుల్లా సున్నపు పెచ్చులు రాలాయి. ఈ ప్రాంతపు బోరు నీళ్లు నేరుగా పోస్తే మరో విధంగా ఉండదు. పలకల మధ్య సందులు సగానికి పైగా పూడుకుపోయాయి.

వీటన్నిటికంటే పెద్ద లోపం టవర్ సైజులో ఉంది. కంప్రెసర్ యంత్రం 10 కిలోవాట్ల చల్లదనం ఇస్తే టవర్ మోయవలసింది పన్నెండున్నర కిలోవాట్లు. సీఓపీ 0.5 ఉన్న అధిశోషణ యంత్రం అదే 10 కిలోవాట్లకు 20 కిలోవాట్ల వేడి తీసుకుంటుంది, కాబట్టి టవర్ మీద పడేది 30. ఇక్కడ అమర్చిన టవర్ మొదటి లెక్కకు సరిపోయేది. ఈ పొరపాటు ఒక్క ఇక్కడే జరిగిందని చెప్పలేను. ఏసీ పనికి అలవాటు పడినవారు చల్లదనం టన్నుల లెక్కన టవర్ ఎంచుకుంటారు, అధిశోషణకు ఆ లెక్క పనికిరాదు. సామర్థ్యం పడిపోయేకొద్దీ ఒక కిలోవాట్ చల్లదనానికి టవర్ మీద పడే భారం ఇంకా పెరుగుతుందని కూడా గమనించాలి. టవర్ చాలకపోతే నీరు వేడెక్కుతుంది, నీరు వేడెక్కితే సీఓపీ పడుతుంది, సీఓపీ పడితే టవర్ మరింత చాలకుండా పోతుంది.

30 కిలోవాట్లకు సరిపోయే టవర్‌ను నాలుగు వైపులా గాలి ఆడే వంటశాల మిద్దె మీదికి మార్చాం. సున్నం దిగకుండా మేకప్ నీటికి (ఆవిరైనదానికి బదులు పోసే నీటికి) సాఫ్ట్‌నర్ పెట్టాం. మే మొదటి వారంలో టవర్ నీరు మధ్యాహ్నం 26–27 డిగ్రీల మధ్య నిలిచింది, తెల్లవారుజామున ఇంకా చల్లగా ఉంటోంది.

15 డిగ్రీల నీటితో గోదాము చల్లబడుతుందా

టవర్ కంటే ఎక్కువ చర్చ దీని మీదే జరిగింది. చల్లనీరంటే 7 డిగ్రీలు అని ఏసీ రంగంలో ఒక స్థిరమైన అలవాటు ఉంది. ఆ అంకెకు కారణం గాలిలోని తేమను కాయిల్ మీద నీటిబొట్లుగా పట్టి బయటికి పంపవలసి రావడం. మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో ఆ అవసరమే లేదు. 40 డిగ్రీల దగ్గర 20 శాతం తేమ ఉన్న గాలి డ్యూ పాయింట్ (తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) 13 డిగ్రీల లోపే. అదే గాలిని ఏమీ తేమ తీయకుండా 25 డిగ్రీలకు చల్లబరిస్తే తేమ 47 శాతానికి వస్తుంది, మందుల పెట్టెలకు అది హాయిగా సరిపోతుంది. 15 డిగ్రీల పైపు మీద చెమ్మ కూడా పట్టదు. లేని పనికి 9 డిగ్రీల నీరు తయారు చేస్తూ ఉన్న పనికి కావలసిన శక్తిని పోగొట్టుకోవడం ఎందుకన్నది మా వాదన.

ఈ మార్పుకు మూల్యం ఒకటుంది. ఫ్యాన్ కాయిల్ (చల్లనీటి గొట్టాల మీదుగా గాలిని ఊదే పెట్టె) ఇచ్చే చల్లదనం గోదాముకూ నీటికీ మధ్య ఉష్ణోగ్రత తేడాను బట్టి ఉంటుంది. గోదాము 25 డిగ్రీలు, నీరు 9లో వెళ్లి 12లో తిరిగి వస్తే సగటు తేడా 14.5, నీరు 15లో వెళ్లి 18లో వస్తే 8.5. అదే చల్లదనానికి కాయిల్ వైశాల్యం 1.7 రెట్లు కావాలి. ఉన్న రెండు ఫ్యాన్ కాయిల్స్‌కు మరో రెండు కలిపాం. కాయిల్ రాగి, అల్యూమినియంతో చేసిన కదలని వస్తువు, ఒకసారి కొంటే చాలు. ఎదురుగా ఉన్న ప్రత్యామ్నాయం మిద్దె మీద ఎండలో ఉండే అద్దపు గొట్టాలు. ఏది మేలో లెక్క వేయడానికి ఎక్కువసేపు పట్టలేదు.

ఎయిర్ కూలర్లు పెట్టుకుంటే పోయేదిగా అని అకౌంట్స్ విభాగం నుంచి ఒక ప్రశ్న వచ్చింది. ప్రశ్న సబబైనదే, ఈ వాతావరణంలో కూలరు బాగా పని చేస్తుంది. కానీ అది బయటి దుమ్ముగాలిని తెరలు తెరలుగా లోపలికి తెచ్చి, తేమను 70–80 శాతానికి చేర్చి వదులుతుంది. అట్టపెట్టెలు మెత్తబడి లేబుళ్లు ఊడిపోయే గోదాములో దానికి చోటు లేదు.

చక్రం, వాల్వులు, పంపులు

గదుల పాత్ర మారేటప్పుడు వేడి గది కాయిల్‌లో ఉన్న వేడినీరు నేరుగా టవర్‌కు పోతోంది. కాయిల్, దాని గొట్టాలు కలిసే హెడర్లు కలిపి ఆరు లీటర్లు అనుకుంటే, 77 నుంచి 33 డిగ్రీలకు పడిపోయే ఆ నీటితో ప్రతిసారీ 1,100 కిలోజౌళ్లు పోతాయి. పాత సెట్టింగులో ఆరు నిమిషాలకొకసారి పాత్ర మారేది, అంటే సగటున 3.1 కిలోవాట్ల వేడి ఏ పనీ చేయకుండా టవర్‌కు చేరేది. యంత్రం ఇచ్చే చల్లదనమే అప్పట్లో మూడు కిలోవాట్ల దగ్గర ఉందని గుర్తుంచుకుంటే దీని బరువు తెలుస్తుంది. పరిష్కారం ప్రోగ్రాములో ఉంది. కాయిల్‌లోకి వచ్చే నీటిని ముందు మార్చి, బయటికి పోయే వైపు వాల్వును కొన్ని క్షణాల తరువాత మార్చితే, లోపలి వేడినీరు మొదట సోలార్ ట్యాంకుకే తిరిగిపోతుంది. బయటికి వచ్చే నీటి ఉష్ణోగ్రత సోలార్ నీరు, టవర్ నీరు రెండింటి సగటుకు దిగగానే రెండో వాల్వు కదిలేట్టు సెన్సరును పెట్టాం.

చక్రం నిడివిని గడియారానికి కట్టేయడం కూడా తగదు. పొద్దున వేడినీరు 70 డిగ్రీలే ఉన్నప్పుడు ఆవిరి నెమ్మదిగా విడుదలవుతుంది, మధ్యాహ్నం త్వరగా అయిపోతుంది. గది నుంచి తిరిగి వచ్చే వేడినీటికీ వెళ్లేదానికీ తేడా 3 డిగ్రీల లోపుకు వస్తే ఇక విడుదలయ్యేది పెద్దగా లేదని అర్థం. అప్పుడే మార్చమని చెప్పాం. దాంతో సగం చక్రం పది పన్నెండు నిమిషాలకు పెరిగింది. నిడివి మరీ పెంచితే సీఓపీ పెరుగుతూనే ఉంటుంది గాని చల్లదనం పరిమాణం పడిపోతుంది. వేడి ఉచితమైనప్పుడు సీఓపీని మొక్కుకుంటూ కూర్చోవడం వల్ల లాభం లేదు, గోదాము చల్లబడటం ముఖ్యం.

పంపుల సంగతి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే ఇది ఏ ప్లాంటులోనైనా ఉండే కథే. మూడు పంపులు, టవర్ ఫ్యాను కలిసి 1.8 కిలోవాట్ల కరెంటు తినేవి. మూడు కిలోవాట్ల చల్లదనానికి 1.8 కిలోవాట్ల కరెంటు అంటే మామూలు స్ప్లిట్ ఏసీ కంటే అధ్వాన్నం. సూర్యుడి పేరు పెట్టుకొని కరెంటు బిల్లు కట్టడమన్నమాట. టవర్ పంపు తరువాతి వాల్వు సగం మూసి ఉంది. దాన్ని పూర్తిగా తెరిచి, మోటారు వేగాన్ని మార్చే వీఎఫ్‌డీతో పంపు వేగం తగ్గించి, అదే ప్రవాహం సాధించాం. వేగం 70 శాతానికి దించితే పంపుకు కావలసిన శక్తి మూడో వంతుకు పడిపోతుంది. ట్యాంకులో వేడి లేనప్పుడు, గోదాము 24 డిగ్రీలకు చేరినప్పుడు అన్ని పంపులూ ఆగేలా కట్టుదిట్టం చేశాం. మొత్తం వినియోగం 0.7 కిలోవాట్ల చుట్టూ వచ్చింది.

ఫలితం, దాని హద్దులు

మార్పుల తరువాత వేసవి మధ్యాహ్నాల్లో యంత్రం 8 కిలోవాట్ల దాకా చల్లదనం ఇస్తోంది, వేడి సీఓపీ 0.5 దగ్గర ఉంటోంది, కరెంటు లెక్కన చూస్తే పదకొండు రెట్ల చల్లదనం వస్తోంది. 80 డిగ్రీల కోసం ఎదురు చూసే పని లేకపోవడంతో పొద్దున బాగా ముందే మొదలవుతోంది. సోలార్ గొట్టాల సామర్థ్యం కూడా తక్కువ ఉష్ణోగ్రత వల్ల పెరిగిందని కొందరు అన్నారు గాని, వాక్యూమ్ గొట్టాల్లో ఆ లాభం రెండు మూడు శాతానికి మించదు. గోదాము పగలంతా 24–25 డిగ్రీల మధ్య నిలుస్తోంది. రాత్రి తొమ్మిది తరువాత ట్యాంకు చల్లారితే ఒక స్ప్లిట్ ఏసీ తోడు పడుతుంది.

నీటి ఖర్చును దాచిపెట్టి ఈ ఫలితాన్ని చెప్పడం న్యాయం కాదు. 8 కిలోవాట్ల చల్లదనానికి టవర్ 24 కిలోవాట్ల వేడిని మోస్తే గంటకు సుమారు 36 లీటర్ల నీరు ఆవిరవుతుంది. లవణాలు పేరుకోకుండా వదిలే నీటిని కలుపుకొంటే ఎనిమిది గంటల రోజుకు 430 లీటర్ల దాకా కావాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే జిల్లాలో, మేలో బోర్లు ఎండిపోయే ఊళ్లో, ఇది చిన్న మాట కాదు. వదిలే నీటిని హాస్టల్ మరుగుదొడ్లకు మళ్లించాం. స్ప్లిట్ ఏసీకి ఆవరణలో ఒక్క చుక్క నీరు అక్కర్లేదు కదా అంటే, అవును, అక్కర్లేదు.

ఖాళీ మిద్దె ఉన్నవారు ఈ పద్ధతిని కొత్తగా పెట్టుకోవాలా అని అడిగితే వద్దనే చెబుతాను. 50 చదరపు మీటర్లలో ఫోటోవోల్టాయిక్ ప్యానెళ్లు వేసి, ఆ కరెంటుతో మంచి ఇన్వర్టర్ ఏసీ నడిపితే, ఇక్కడి ఎండకు రోజుకు ఈ యంత్రం ఇచ్చేదానికి రెండింతల చల్లదనం వస్తుంది, టవర్ బాధ ఉండదు. ఓర్వకల్లు, గడివేముల మండలాల్లో 2017లో పూర్తయిన 1,000 మెగావాట్ల సోలార్ పార్కును చూసినవారికి గాలి ప్యానెళ్ల వైపే వీస్తోందని వేరే చెప్పనక్కర్లేదు. అధిశోషణకు చోటు ఎక్కడంటే, వేడి అప్పటికే ఉండి, మరో పనికి రాకుండా పోతున్న చోట: వేసవిలో ఖాళీగా ఉండే హాస్టళ్ల సోలార్ హీటర్లు, ఎప్పుడూ నడిచే జనరేటర్ల జాకెట్ నీరు (ఇంజన్‌ను చల్లార్చే నీరు) వంటివి. బాయిలర్ పొగ వేడి ఉన్నవారు ముందు దాన్ని బాయిలర్‌లోకి వెళ్లే ఫీడ్ నీరు వేడి చేయడానికి వాడుకోవాలి, మిగిలితేనే ఇటు రావాలి.

జులై నుంచి పరిస్థితి మారుతుంది. వానలు సరిగా పడినా పడకపోయినా గాలిలో తేమ పెరిగి డ్యూ పాయింట్ 20 డిగ్రీల చుట్టుపక్కలకు చేరుతుంది. 15 డిగ్రీల నీరు తేమను చాలినంతగా తీయలేదు, మబ్బుల వల్ల వేడినీరూ తగ్గుతుంది. ఆ నెలల్లో తేమ తీసే పని స్ప్లిట్ ఏసీలకు అప్పగించి, చిల్లర్‌ను ఎండ బాగా ఉన్న రోజుల్లో మాత్రమే సహాయంగా నడపమన్నాం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వేడినీళ్లన్నీ విద్యార్థినులవే.

గోదాము కుదురుకున్నాక యాజమాన్యం ఇదే పద్ధతిని ఆపరేషన్ థియేటర్‌కు కూడా విస్తరించమని అడిగింది. కుదరదని చెప్పాం. థియేటర్‌లో ఏడాది పొడవునా తేమను 60 శాతం లోపు ఉంచాలి, బయటి గాలిని నిరంతరం తీసుకోవాలి, అందుకు 7 డిగ్రీల నీరు తప్పదు. ఆ ఉష్ణోగ్రత దగ్గర ఈ యంత్రం మళ్లీ పాత స్థితి వైపుకే జారుతుంది. దానికి బదులుగా మాత్రల గోదాము పక్కనే ఉన్న సెలైన్ సీసాల గదికి ఇప్పుడున్న చల్లనీటి పైపునే పొడిగించే పని రాబోయే వేసవికి ముందు పూర్తి చేయాలని నిర్ణయమైంది. ఆ గది వేడి భారం రెండు కిలోవాట్ల లోపే కాబట్టి టవర్‌ను గాని చిల్లర్‌ను గాని మార్చవలసిన పని ఉండదు.